మీటరు మీద అంటించిన వాగ్దానం

పోయిన ఆగస్టులో నా భార్య ప్రభువునందు నిద్రించింది. ఆదరణ కూడిక అయిన వారానికి, ఇంటి ముందు రెండు కార్లు ఎందుకని నా సెడాన్ అమ్మేశాను. ఆమెది ఉంచుకున్నాను. అందరూ ఆమెదే అమ్మమన్నారు. నాకు యాభై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆ కారేమో నేలకు జానెడెత్తులో ఉంటుంది. ఎందుకు ఉంచుకున్నారని సంఘంలో ఒకరిద్దరు అడిగితే "చూద్దాం బ్రదర్" అన్నాను. ఆ రోజుల్లో అన్నిటికీ నా జవాబు అదే.

మేముండేది లండన్‌లో, కెనడాలోని ఒంటారియో లండన్. ఆమె ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. యాభై దాటాక ఒక రోజు వెళ్లి ఆ కారు కొనుక్కొచ్చింది. నీలం రంగు, చిన్న ఒళ్లు, ఆరు గేర్లు, ఇంత చిన్న ఇంజిన్‌కి ఒక టర్బో. అప్పటికే ఎవరో ఏడేళ్లు తోలి వదిలేసిన బండి. గుంటూరులో గేర్ల కారు నడిపినవాణ్నే అయినా ఇరవై ఏళ్లు ఆటోమేటిక్‌కి అలవాటుపడి క్లచ్ మర్చిపోయాను. ఆమె పక్క సీట్లో కూర్చుని "కాలు తియ్యండి, కాలు తియ్యండి, కమురు వాసనొస్తోంది" అని మళ్లీ నేర్పించింది.

కారు తెచ్చిన ఆదివారం కాపరి గారు బానెట్ మీద చెయ్యి ఉంచి ప్రార్థించారు. స్టీరింగ్‌కి నూనె రాశారు. వెనక నుంచి ఒక సోదరుడు "అక్కా, ఇందులో అయితే మా అందరికంటే ముందు మీరే పరలోకం చేరతారు" అన్నాడు. ఆమె పెద్దగా నవ్వింది. ఆ మాట అన్న సోదరుడు ఆదరణ కూడికలో చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

ఆరాధనకు పెద్దవాళ్లను ఆమే ఎక్కించుకొచ్చేది. ఆ కారులోకి దిగడం వాళ్లకు కష్టం, బయటికి రావడం ఇంకా కష్టం. "ముందు కూర్చోండి ఆంటీ, తర్వాత కాళ్లు" అనేది. దించేటప్పుడు రెండు చేతులూ పట్టుకుని లాగేది.

శనివారం ఉదయం ఆమె బానెట్ ఎత్తి పాత గుడ్డతో ఏదో తుడుస్తుండేది. నేను లోపల మర్నాటి బైబిలు తరగతికి సిద్ధపడుతూ కిటికీలోంచి చూసేవాణ్ని. శుభ్రం చేస్తోందనుకున్నాను.

ఆమె పోయాక చెయ్యాల్సినవన్నీ చేశాను. నవంబరులో చలికాలపు టైర్లు వేయించాను. గుంతలో పడి ఒక చక్రం అంచు వంగితే సరి చేయించాను. బ్రేకులు కీచుమంటే ప్యాడ్లు మార్పించాను. ఫోన్లో తేదీ వస్తే వెళ్లేవాణ్ని, కుర్చీలో కూర్చునేవాణ్ని, పిలిస్తే లేచేవాణ్ని. ఆదివారం సంఘంలోనూ అంతే. సంఘ పెద్దగా నా వంతు వస్తే నిలబడి ప్రార్థించేవాణ్ని. మాటలు ఎప్పటిలాగే వరసగా వచ్చేవి. అందరూ ఆమెన్ అనేవారు. నేను కూర్చునేవాణ్ని.

డిసెంబరు చివర్లో ఒక మలుపు తిరుగుతుంటే మీటర్ల దగ్గర ఎడమ మూల ఎర్రగా ఏదో వెలిగి ఆరింది. చూశాను. చూసి ఏమీ అనుకోలేదు.

కొత్త సంవత్సరం ఆరాధనలో మా దగ్గర వాగ్దానాల పళ్లెం తిప్పుతారు. అందులో నుంచి తలా ఒక కార్డు తీసుకుంటారు. దాని మీద ఉన్న వచనం ఆ ఏడాదికి మనదని నమ్మకం. మా ఆవిడ తన కార్డులు కారులో, ఎండ అడ్డుకి పైన మడిచే పలక ఉంటుంది కదా, దాని రబ్బరు పట్టీలో దోపుకునేది. ఈ ఏడు నాకు కాపాడుతానన్న వాగ్దానం వచ్చింది. పట్టీలో ఆమె నాలుగేళ్ల కార్డులు అలాగే ఉన్నాయి. వాటిని కదిలించబుద్ధి కాలేదు. నాది మీటర్ల అద్దం మీద, ఎడమ మూల, టేపు వేసి అంటించాను. ఆ మూల ఖాళీగా ఉందనే అంటించానని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమో కాదో ఇప్పటికీ చెప్పలేను.

ఫిబ్రవరిలో ఇంజిన్ నుంచి చప్పుడు మొదలైంది. టిక్కు టిక్కుమని, గడియారం కంటే వేగంగా. రేడియోలో పాటలు పెట్టుకుంటే వినపడేది కాదు. పది రోజులు పాటలు పెట్టుకున్నాను. తర్వాత పాటలు పెట్టినా వినపడింది.

మనవాళ్ల కార్లు చూసే మెకానిక్ ఊరి చివర రెండు కార్లు పట్టే షెడ్డు పెట్టుకున్నాడు. కరీంనగర్ వైపు మనిషి. చాలా ఏళ్లు ఓక్‌విల్‌లో కార్లు తయారుచేసే చోట లైన్లో పనిచేశాడు. గుడికీ పోడు, చర్చికీ రాడు. మా ఆవిణ్ని అక్క అనేవాడు, ఆ లెక్కన నన్ను బావా అంటాడు.

షెడ్డు బయట కారు ఆగకముందే చెయ్యెత్తి ఆపమన్నాడు.

"బంద్ చెయ్, బంద్ చెయ్! బావా, ఎన్ని రోజుల నుంచి ఈ చప్పుడు?"

"పది రోజులు."

"లైటు రాలే?"

"రాలేదు."

కారును ఇద్దరం లోపలికి నెట్టాం. అతను తల లోపల పెట్టి, ఇంజిన్ ఒక్క క్షణం స్టార్ట్ చేసి ఆపేశాడు.

"ఇదేంది బావా?"

"వాగ్దానం కార్డు. సంఘంలో ఏడాదికొకటి ఇస్తారు."

"గది నాకెరికే. ఈడెందుకు అంటించినవ్?"

గోటితో టేపు గీకి కార్డు పీకాడు. మళ్లీ స్టార్ట్ చేశాడు. కార్డు ఉన్న చోట ఎర్ర దీపం, నూనె పోసే డబ్బా బొమ్మ. వెంటనే ఆపేశాడు.

"ఇంజిన్ స్టార్ట్ కాంగనే ఆరిపోవాలె ఇది. ఆరలే. పాపం మీ దేవుడు దీపం పెట్టి మరీ చెప్తుండు. నువ్వేమో ఆయన మాటే తెచ్చి దాని మీద మూతేసినవ్."

నూనె గురించీ దీపం గురించీ ఎన్ని ప్రసంగాలు చేశానో నాకే లెక్క లేదు.

అతను బానెట్ ఎత్తి, ఆయిల్ మట్టం చూసే సన్నటి కడ్డీ ఒకటి బయటికి లాగాడు. తుడిచి, మళ్లీ దించి, మళ్లీ లాగాడు. కడ్డీ పొడిగా ఉంది. అప్పుడు అర్థమైంది, శనివారాలు ఆమె తుడిచింది దాన్ని అని.

"ఈ టర్బో ఇంజిన్లు ఆయిల్ తాగుతయ్ బావా, అందులో ఇది పాతది. అక్కకు మొదటి రోజే చెప్పిన. ఎప్పుడు ఎంత పోసిందో రాసుకుంటుండె. ఆ రాత యాడుంది?"

"నాకు తెలియదు."

అతను కారులోకి వంగి పైనున్న పలక కిందికి దించాడు. చెయ్యి రబ్బరు పట్టీ మీదికి పోయింది.

"అవి ముట్టుకోవద్దు" అన్నాను. గొంతు కాస్త పెద్దదే అయింది. "అవి ఆమె వాగ్దానాలు."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "సరే. నువ్వే తియ్యి."

తీశాను. నాలుగు కార్డులు. ముందు వైపు వచనాలు. తిప్పితే వెనక ఆమె అక్షరాలు, నీలం సిరాతో, చీమల్లా. తేదీ, అర లీటరు. తేదీ, పావు లీటరు. తేదీ, ఆయిల్ మార్పు. నాలుగో కార్డు సగంలో ఆగింది. జూలై ఆఖరి శనివారం, అర లీటరు. కింద ఖాళీ.

వాక్యం వెనక ఇంజిన్ ఆయిల్ రాస్తే సండే స్కూలు పిల్లల్నైతే మందలించి ఉండేవాణ్ని. కోపం వస్తుందేమో అని ఆగాను. రాలేదు. ఏడుపు వస్తుందేమో అనుకున్నాను. అదీ రాలేదు. షెడ్డులో చల్లగా ఉంది, చేతులు మొద్దుబారాయి.

అతను కార్డు చూసి వేళ్లు మడిచాడు. "ఏడు నెలలు. ఒక్క చుక్క పొయ్యలే నువ్వు." తిట్టినట్టు లేదు. "ఇగ విను. కింద బోల్టు ఇప్పి ఉన్న ఆయిల్ తీస్త. దాంట్ల ఇనుప రేకులు మెరిస్తే ఇంజిన్ అయిపోయినట్టే. ఇంజిన్ పోతే ఈ పాత బండికి ఇంకోటి ఎవరూ వెయ్యరు. తుక్కుకు పోతది. ముందే చెప్తున్న."

"పోకూడదు" అన్నాను.

"ఏంది?"

"ఇది పోకూడదు."

ఆగస్టు తర్వాత, చూద్దాం అనే చోట నేను వేరే జవాబు చెప్పడం అదే మొదలు. అతను నా వైపు చూసి, "ప్రార్థన చేసుకుంటే చేసుకో, బోల్టు బిగుసుకుంది, టైం పడ్తది" అన్నాడు. ఎగతాళి చేశాడని అనుకోను.

కళ్లు మూసుకున్నాను. ముప్పై ఏళ్లుగా అలవాటైన మాటలు వరసగా నిలబడ్డాయి. ఏదీ నాది అనిపించలేదు. వాటిని పంపించేసి, "ప్రభువా, ఈ కారు" అన్నాను. తర్వాత ఏం అనాలో తెలియలేదు. కళ్లు తెరిచి బోల్టు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఆయిల్ నల్లగా, చిక్కగా పడింది. తొట్టి అడుగు కూడా సరిగా నిండలేదు. అతను కొంచెం తెల్ల కాగితం మీద పోసి, ట్యూబ్‌లైటు కింద అటూ ఇటూ వంచాడు.

"ఉన్నయ్" అన్నాడు.

నేను పనిబల్ల అంచు పట్టుకున్నాను.

"ఆగు, ఆగు. సన్నగున్నయ్, పిండి లెక్క. రేకులు లేవు." పాత ఫిల్టరు కోసి దాని మడతలు కూడా విప్పి చూశాడు. అక్కడా పిండే. "బావా, బతికినవ్ పో."

కొత్త ఫిల్టరు, కొత్త ఆయిల్ వేసి స్టార్ట్ చేశాడు. దీపం వెలిగి ఆరింది. చప్పుడు కాసేపు అలాగే ఉండి, మెల్లగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

"ఇది ఇగ పోదు. అరిగింది అరిగిందే. ఎన్నాళ్లు నడుస్తదో నాకు తెలవదు. శనివారం శనివారం కడ్డీ చూస్తే నడుస్తది. చూడకుంటే మళ్లొకసారి నా దగ్గరికి తేకు, అక్క మొహం గుర్తొస్తది నాకు."

కడ్డీ ఎలా చూడాలో చూపించాడు. ఇంజిన్ చల్లబడ్డాక, చదునైన చోట. ఒకసారి తుడిచి, మళ్లీ ముంచి తీస్తే రెండు గీతల మధ్య ఉండాలి. నా చేత మూడుసార్లు చేయించాడు.

ఇప్పుడు శనివారం ఉదయం బైబిలు తరగతికి చదువుకోవడం తర్వాత. ముందు కోటు వేసుకుని బయటికి వెళతాను. గుడ్డ గరాజ్‌లో ఆమె పెట్టిన చోటే దొరికింది. నా కార్డు కూడా ఇప్పుడు రబ్బరు పట్టీలోనే, ఆమె నాలుగింటితో పాటు. దాని వెనక రెండు వరసలు రాశాను. మార్చి మొదటి శనివారం, ఏమీ పొయ్యలేదు. మార్చి రెండో శనివారం, పావు లీటరు. నా అక్షరాలు ఆమె వాటికంటే పెద్దవి. కార్డు ఏడాదికి సరిపోదు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక బయట మంచు పడుతోంది. ఆమె తీసుకొచ్చే ఆంటీల్లో ఒకావిడను వాళ్లబ్బాయి తీసుకెళ్లడం ఆలస్యమైతే, నేను దింపుతానన్నాను. ఆవిడ కారును చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇంకా ఇదే ఉందా బాబూ?"

"ఇదేనండి."

"ఇందులోకి నేను దిగలేనయ్యా. అమ్మాయి ఉంటే..." అని ఆపేసింది.

తలుపు తీసి పట్టుకున్నాను. "ముందు కూర్చోండి ఆంటీ. తర్వాత కాళ్లు."

కూర్చుంది. ఒక కాలు, తర్వాత ఇంకో కాలు లోపల పెట్టింది. నేను ఇటు వచ్చి స్టార్ట్ చేసి, దీపం ఆరేదాకా ఆగాను.

"ఏదో కొట్టుకుంటోంది ముందు" అంది ఆవిడ.

"అది ఉంటుందండి" అన్నాను. మొదటి గేరు వేశాను.