తొయ్యకు అన్నది నేను కాదు

మా ఇంట్లో ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే నాన్నగారు కంచం ముందు నుంచి లేచిపోయేవారు. నేనూ ఆ కోవలోనివాణ్ణే. ఇప్పటికీ నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

కొల్లేటి ఒడ్డున ఒకప్పుడు మాది పేరున్న కుటుంబం. ప్రభుత్వం మా చేపల చెరువుల గట్లు కొట్టేశాక అంతా పోయింది. నేను తాడేపల్లిగూడెంలో ఒక రైస్ మిల్లులో సూపర్‌వైజరుగా పనిచేస్తున్నాను. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఈ మాట సగర్వంగానే చెబుతాను.

పోయినేడు నా లివర్‌లో కేన్సర్ గడ్డ బయటపడింది. ఆపరేషన్‌కు లొంగే చోటు కాదన్నారు. ఏలూరులో ఒక డాక్టరుగారు మరో దారి చెప్పారు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం అందించే కొమ్మ దాకా తీసుకెళ్లి, కీమో మందు అక్కడే వదులుతారట.

మత్తు తొడ దగ్గర మాత్రమే ఇచ్చారు. తెలివిలోనే ఉన్నాను. చేతులు కట్టబోతే వద్దన్నాను.

"కదలకూడదండీ," అంది నర్సు.

"మా వంశంలో బల్ల మీద కదిలినవాళ్లు లేరమ్మా."

"అయితే మీ వంశమంతా ఈ బల్ల ఎక్కిందా బాబుగారూ?" అని నవ్వేసింది.

బల్ల పక్కనున్న ఎక్స్‌రే తెర మీద గొట్టం ఒక మలుపు దగ్గర ఆగిపోయింది. డాక్టరుగారు తోస్తే పక్క కొమ్మలోకి జారుతోంది. మళ్లీ తోస్తే మళ్లీ అంతే.

"ఇంకొక్కసారి చూస్తానండీ. వెళ్లకపోతే ఆపేద్దాం. నాళం చిరిగితే ప్రమాదం," అన్నారు.

ఆపేస్తే నాకు ఇంకో దారి లేదు. పళ్లు బిగించి పడుకున్నాను.

"ఒరేయ్ అబ్బాయ్, తొయ్యకు. వదిలెయ్యి. నీరే పట్టుకుపోద్ది."

స్పష్టంగా వినబడింది. నాన్నగారి గొంతు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మా తాటిదోనె కిక్కిస గడ్డిలో చిక్కుకున్నప్పుడు, తోసే గెడ ఆపి నీటి లాగుడుకు వదిలేయమని అచ్చం ఇలాగే చెప్పేవారు.

డాక్టరుగారి చెయ్యి ఆగింది. పట్టు సడలించారు. రక్తం ఉరవడికి గొట్టం కొస కాస్త ఊగి, తనంతట తనే ఆ కొమ్మలోకి వెళ్లిపోయింది. మందు పడింది. తర్వాతి స్కానింగ్‌లో గడ్డ చాలావరకు చచ్చిపోయిందన్నారు.

మందు పడిన రోజు సాయంత్రమే డాక్టరుగారు వార్డుకు వచ్చారు. కాస్త ముభావంగా ఉన్నారు.

"మీ సలహా బాగానే పనిచేసిందండీ. కానీ అందరి ముందూ నన్ను ఒరేయ్ అన్నారు."

ఉలిక్కిపడ్డాను. బుద్ధెరిగాక పరాయివాళ్లనెవరినీ నేను 'అండీ' అనో 'అమ్మా' అనో లేకుండా పిలవలేదు. ఎంతటివాణ్ణైనా ఒరేయ్ అనే చొరవ మా ఇంట్లో నాన్నగారి ఒక్కరిదే.

పక్కనే ఉన్న నర్సు మొహంలో ఈసారి నవ్వు లేదు. "మాట నాకూ వినబడింది సార్. కానీ ఈయన పెదవి కదల్లేదండీ. నేను మొహం వంకే చూస్తున్నాను."

"మరెవరమ్మా?" అన్నారాయన.

డాక్టరుగారు ఇప్పటికీ నేనే అన్నాననుకుంటున్నారు. ప్రాణం నిలిపిన మనిషి, ఒక్క క్షమాపణ చెబితే ఏం పోయిందంటుంది మా ఆవిడ. అనని మాటకు ఎలా చెబుతాను? అన్నది ఎవరో నాకు తెలియదు. నాన్నగారే అయితే, ఆయన తరఫున క్షమాపణ చెప్పేంతటివాణ్ణి కాను.