వంక దగ్గర ఆగని పొలిమేర

ఆదివారం సాయంత్రం మా గైడుగారు ఫోన్ చేసి ఒకటే ప్రశ్న అడిగారు. "ఇంతకీ ఆ వంకను నువ్వు కళ్లారా చూశావా అమ్మా?" రేపే వెళ్లి చూసొస్తానన్నాను.

నవాబు జాగీరుకూ పాళెగాళ్ల సీమకూ మధ్య సరిహద్దు ఎక్కడ ఉండేదన్నది నా పరిశోధన. ఆళ్లగడ్డకు పడమర ఒక పల్లె పక్కన పారే వంకే ఆ సరిహద్దని నాలుగో అధ్యాయమంతా రాసి పెట్టాను. పాత పటాల్లో అలాగే ఉంది. నేను చూసింది ఆ పటాలనే. మంగళవారం పదకొండు గంటలకు కర్నూలులో కమిటీ ముందు ఆ అధ్యాయం చదవాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఇన్నేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే. సోమవారం సెలవు పెట్టి పొద్దున్నే కర్నూలులో నంద్యాల బస్సెక్కాను.

పాణ్యం దాటేదాకా ఫైలు తెరిచి మూస్తూనే ఉన్నాను. నంద్యాల బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ వేడిగా దొరుకుతాయి. ఈ దారిన వచ్చేవాళ్లు తప్పక తినండి. నాకు మాత్రం సగం కూడా లోపలికి దిగలేదు. ఆళ్లగడ్డ బస్సులో పక్కన కూర్చున్న పెద్దాయన, "యాడికి పోతాండావమ్మా?" అని అడిగాడు. వంక చూడడానికన్నాను. "వంకలో ఏముంది సూసేదానికి, కంపచెట్లు దప్ప?" అని కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆళ్లగడ్డలో దిగేసరికి పన్నెండు దాటింది. రోడ్డు పక్కన శిల్పుల షెడ్లలో ఉలి చప్పుళ్లు. భోజనం చేసి మస్తాన్ అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. ఊరి పేరు చెప్పగానే అతను తల గీరుకున్నాడు.

"ఆ ఊర్లో రేపు తెల్లారి బొడ్రాయి నిలబెడతాండారు మేడం. రాయి ఈడ్నే చెక్కించినారు. ఈపొద్దు పొలిమేర కడతారు. కట్టినాక లోపలోళ్లు బయటికి రాకూడదు, బయటోళ్లు లోపలికి పోకూడదు."

"మనం ఊళ్లోకి పోవద్దులే. వంక ఇవతలే ఆగుదాం."

"పొలిమేర వంకే గదా మేడం?"

"దాని మీదే కదయ్యా నా చదువంతా," అన్నాను దర్జాగా.

మూడింటికి వంక చేరాం. మడమల లోతు నీళ్లు, రెండు గట్లా కంపచెట్లు. అవతలి గట్టు మీద కొంత దూరంలో ఊరు. అచ్చం పటంలో ఉన్నట్టే ఉంది. ప్రాణం లేచొచ్చి వరసగా ఫోటోలు తీసుకున్నాను. ఇంతలో డప్పులు వినిపించాయి. పదిపదిహేను మంది మగవాళ్లు ఊరి వైపు నుంచి వచ్చి, వంక దగ్గర ఆగకుండా నీళ్లలో దిగి, మా గట్టెక్కారు. ముందున్నాయన గంపలోంచి ఎర్రటి అన్నం తీసి "పొలి, పొలి" అని చల్లుతున్నాడు. మమ్మల్ని దాటి, మా వెనక ఉన్న రాళ్లదిబ్బ చుట్టూ తిరిగి, మేమొచ్చిన బండిదారికి అడ్డంగా చల్లుకుంటూ పోయారు.

మస్తాన్ మొహం పాలిపోయింది. "అయిపాయ మేడం. మనం లోపల పడినాం."

నేను పరుగెత్తి గంప మోసే ఆయన్ని ఆపాను. "సరిహద్దు వంక కదా అన్నా?"

"వంక యాడ, పొలిమేర యాడ తల్లీ! దిబ్బకాడిదాకా మాదే. తెల్లారి రాయి నిలబడేదాకా ఎవురూ దాటగూడదు."

రెండడుగులు వేస్తే అవతల ఉంటాను. పదకొండింటికి కమిటీ. నాకు ఏడుపొచ్చింది. "దాటేద్దామా?" అని మస్తాన్‌ని అడిగాను. "నేను మళ్లా ఈ ఊరి బాడుగలకే రావల్ల మేడం," అని అతను ఆటో దిగి వంకలో మొహం కడుక్కున్నాడు. అన్నం గింజలున్న చోట నా కాళ్లు కూడా ముందుకు సాగలేదు.

ఆ రాత్రికి సువార్తమ్మ గారనే రిటైరైన టీచరు మాకు జొన్నరొట్టెలు పెట్టి చోటిచ్చారు. గోడ మీద శిలువ చూసి, మీకు కూడా ఈ కట్టు ఉందా అని అడిగాను. "మేం చర్చికి పోయేటోళ్లమే. ఊరు మాత్రం మాది గాదా?" అన్నారు. దిబ్బ సంగతి అడిగితే, "నవాబు మనుషులు ఆడ గుర్రాలు నిలుపుకునేటోళ్లంట. దాని అవతల పాళెగాని సీమని మా నాయన చెప్పేటోడు," అన్నారు. అంతకంటే తనకు తెలియదన్నారు. వంక మీద రాసిన పేజీలన్నీ తలుచుకుంటే నాకు కునుకు పట్టలేదు.

తెల్లారి రాయి నిలబెట్టి బిందెలతో నీళ్లు పోశారు. కట్టు విప్పారని కేక వినపడగానే మస్తాన్ ఆటో తీశాడు. దిబ్బ దగ్గర ఒక్క నిమిషం ఆపించి ఫోటో తీసుకున్నాను.

నంద్యాలలో కర్నూలు బస్సు దొరికింది. కదిలేదాకా ఒకటే గుంజాటన. ఒక్క పొలితో, ఒక్క మాటతో చరిత్ర రుజువైపోదు. పటం అలాగే చూపిస్తే కమిటీలో కనిపెట్టేవాళ్లూ లేరు. కానీ నేను ఆ గట్టు మీద నిలబడి, బయటున్నానని నమ్మి, లోపల చిక్కుకుపోయాను. పాణ్యం దగ్గర గైడుగారికి ఫోన్ చేశాను.

"సార్, పటం తప్పేమో. వంక గీత కొట్టేసి, దిబ్బ దాకా చుక్కలు పెట్టి, ఇంకా తేల్చాలని రాస్తున్నాను."

"అధ్యాయం వెనక్కి పంపుతారమ్మా."

"పంపనీండి సార్."

"సరే. ఆ సరిహద్దు కళ్లారా చూశావా అని అడిగితే ఏం చెప్తావు?"

"రాత్రంతా దాని లోపలే పడున్నాను సార్."