నాన్న చెయ్యి, నా ఆదాయపు పన్ను

మా ఇంట్లో ఉండేది ముగ్గురం, పార్టీలు కూడా మూడే. ఢిల్లీ జనక్‌పురిలో రెండో అంతస్తులో అద్దె ఇల్లు. నాన్న, నేను, మా అమ్మాయి. అమ్మ పోయాక నాన్న మా ఊరి నుంచి సామాను సర్దుకుని నా దగ్గరికి వచ్చేశారు. మా అమ్మాయి కాలేజీలో ఎకనామిక్స్ చదువుతోంది. నేను గుర్గావ్‌లో ఒక కంపెనీలో ఉద్యోగం చేస్తాను. జీతం తెచ్చేది నేనొక్కదాన్నే కాబట్టి ఆదాయపు పన్ను కట్టేదీ నేనొక్కదాన్నే. దాని గురించి వాదించుకునేది మాత్రం వాళ్ళిద్దరు.

నాన్న గోదావరి పక్కన ఒక చిన్న ఊళ్ళో సినిమాహాలు మేనేజరుగా పనిచేశారు. టిక్కెట్టు మీద వినోదపు పన్ను వసూలు చేసి కట్టిన మనిషి. మంచి సినిమాకు సర్కారు పన్ను తీసెయ్యాలి, చెత్త సినిమాకు రెట్టింపు వెయ్యాలి అన్నది ఆయన సిద్ధాంతం. ఆదాయపు పన్ను అంటే మాత్రం ఆయనకు గిట్టదు.

"ఒక్కడు సంపాదిస్తే ఆరుగురు తినే కొంపా, ఒక్కడే సంపాదించుకుని ఒక్కడే తినే కొంపా ఒకటేనేవిటే? వాళ్ళకి ఇల్లు కనపడదు. మనిషే కనపడతాడు. ఇంటిని చూడని సర్కారు ఏం సర్కారు?" అంటారు.

మా అమ్మాయిది స్వేచ్ఛ పార్టీ. దానికి ఇంగ్లీషులో లిబర్టేరియన్ అని పెద్ద పేరుంది. ఎవరి కష్టం వాళ్ళది, ఎవరి కళ్ళు వాళ్ళవి, మధ్యలో సర్కారుకేం పని అన్నది దాని సారాంశం. మా అమ్మాయి తెలుగులో మొదలుపెట్టి హిందీలో తేలుతుంది.

"అచ్ఛా తాతయ్యా, మంచి సినిమా అని ఎవరు చెప్పాలి? ఆఫీసర్? మంత్రి? మీరు? టాక్స్ తీసెయ్యడానికి వాళ్ళెవరు, వెయ్యడానికి వాళ్ళెవరు? హమారా పైసా, హమారీ ఆంఖే. మనిషి ఒక్కడే కనిపించడం కరెక్టే. జేబు కనిపించకూడదు, అంతే."

సినిమాల దగ్గర వీళ్ళిద్దరికీ క్షణం పడదు, ఆదాయపు పన్ను దగ్గరికి రాగానే ఒకటైపోతారు. ఇద్దరూ కలిసి నా జీతం చీటీ వైపు జాలిగా చూస్తారు. నాది ఏ పార్టీ అని ఎవరూ అడగలేదు.

నిజం చెప్పాలంటే నాకు పన్ను కట్టడం గర్వం. ఆఫీసులో అందరూ నెలాఖరున కోత చూసుకుని ఏడుస్తారు. నేను ఏడవను. మా అమ్మ చేతికి ఒక్క నెలైనా జీతం రాలేదు, మా అమ్మమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా వంశంలో సర్కారుకు లెక్క చెప్పుకునేంత సంపాదించిన మొదటి ఆడదాన్ని నేను. మెట్రో ఎక్కేటప్పుడు ఆ స్తంభాలను చూసి ఇందులో ఒక తట్ట సిమెంటు నాదే అనుకుంటాను. రోడ్డు మీద గుంతల్లో కూడా నీ వాటా ఉందమ్మా అని మా అమ్మాయి ఎకసెక్కాలాడుతుంది. ఉంటే ఉండనీ.

ఆదివారం సాయంత్రం మా ముందుగది సినిమాహాలు అయిపోతుంది. పాత ప్రొజెక్టర్ ఒకటి చవగ్గా దొరికితే కొన్నాను. స్టూలు మీద దాన్ని పెట్టి, పరదాలు లాగేసి, తెల్లగోడ మీద సినిమా వేస్తాం. కరోల్ బాగ్ నుంచి, లక్ష్మీ నగర్ నుంచి సివిల్స్‌కి చదివే పిల్లలు నలుగురైదుగురు వస్తారు. వాళ్ళు వచ్చేది పులిహోర కోసమో సినిమా కోసమో నేను తరచి చూడను. పక్క బ్లాకులో ఉండే తెలుగు ఆంటీ కుర్చీ పట్టుకుని వస్తుంది.

నాన్న స్థానం ప్రొజెక్టర్ పక్కనే. ఎందుకంటే ఆయనకొక అలవాటుంది. హాల్లో పనిచేసే రోజుల్లో ఆడవాళ్ళు ఎక్కువగా వచ్చే మ్యాట్నీకి ఆయన స్వయంగా మిషను గదిలోకి వెళ్ళి నిలబడేవారు. తనకు బాగోలేదనిపించిన ఘట్టం రాగానే కటకం ముందు అరచెయ్యి అడ్డం పెట్టేవారు. తెర నల్లబడేది. అది దాటాక చెయ్యి తీసేసేవారు. ఎవరూ ఈల వేసేవారు కాదట, మేనేజరుగారి చెయ్యి అని అందరికీ తెలుసట. ఆ చెయ్యి ఢిల్లీ వచ్చినా మానలేదు. హీరో హీరోయిన్ దగ్గరికి జరిగితే చాలు, మా గోడ నల్లబడుతుంది.

"అంకుల్, జర చెయ్యి తియ్యుండ్రి, కథ సమజైతలేదు" అని కరీంనగర్ అబ్బాయి బతిమాలతాడు.

"కథకేం ఢోకా లేదు నాయనా, వాళ్ళిద్దరికీ పెళ్ళవుద్ది. అంతే సంగతి" అంటారు నాన్న, చెయ్యి కదపకుండా.

పైగా ఆయన మూసేది బొమ్మను మాత్రమే, మాటలూ పాటా వినిపిస్తూనే ఉంటాయి. ఆ చీకట్లో అందరూ చెవులు రిక్కించి ఊహించుకునేది అసలు సినిమాలో ఉన్నదానికన్నా ఎక్కువే ఉంటుందని నా అనుమానం. మా అమ్మాయి మొదట్లో ఈ చేతితో చాలా యుద్ధం చేసింది. ఆపైన దాని సిద్ధాంతమే దానికి అడ్డొచ్చింది. ఎవరి మీదా ఎవరూ బలవంతం చెయ్యకూడదు కదా, తాతయ్య చెయ్యి పట్టుకుని లాగడం బలవంతమే కదా! అందుకని నోటితో తిట్టుకుంటుంది గానీ చెయ్యి ముట్టుకోదు. ఆ పట్టుదల నాకు ముచ్చటేస్తుంది.

ఇంకొక విషయం చెప్పాలి. నేను విడాకులు తీసుకుని చాలాకాలమైంది, అప్పటికి మా అమ్మాయి ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. ఆ కష్టంలో నాన్న నా వెనక గోడలా నిలబడ్డారు, ఎందుకిలా చేశావని ఒక్క మాట అనలేదు. కానీ ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలన్నది ఆయన పట్టు. ఢిల్లీ వచ్చిన వారంలోనే, నన్ను అడక్కుండానే, మా అల్లుడిది ఓడ మీద ఉద్యోగమని ఆంటీకి చెప్పేశారు. అప్పటినుంచి ఆ ఓడ తిరుగుతూనే ఉంది. ఒక దీపావళికి సింగపూరులో ఉంటుంది, ఇంకో దీపావళికి ఎక్కడో మంచులో ఇరుక్కుంటుంది. "పాపం, ఈసారి కూడా సెలవు దొరకలేదా?" అని ఆంటీ నన్ను ఓదారుస్తుంది. నాకు ఒళ్ళు మండిపోయేది. నేనేదో తప్పు చేసినట్టు ఆ ఓడ చాటున దాక్కోవాల్సి రావడం నాకు అవమానంగా ఉండేది. నాన్న ముఖం చూసి నోరు మూసుకునేదాన్ని.

ఈ చలికాలంలో మా అమ్మాయి కాలేజీ పోటీ కోసం చిన్న సినిమా తీసింది. విషయం ఆదాయపు పన్ను. కష్టపడి సంపాదించే ఆడమనిషి దగ్గర సర్కారు ఎలా లాక్కుంటుందో చూపించాలని దాని పథకం. బాధితురాలిని నేనే. వంటింట్లో గట్టు దగ్గర నన్ను కూర్చోబెట్టి, ఫోను ముందు పెట్టి, "జీతంలో కోత చూసినప్పుడు నీకు ఎంత కోపం వస్తుందో చెప్పమ్మా" అని అడిగింది. నేను కోపం రాదన్నాను. ఎందుకు రాదో కూడా చెప్పాను. చెబుతూ చెబుతూ, ఎన్నడూ నోరు తెరిచి చెప్పని సంగతి కూడా చెప్పేశాను.

దాని వాదన మొత్తం అక్కడే మునిగిపోయింది. ఆ ముక్క కత్తిరించేస్తే దానికి హాయిగా సరిపోయేది. కత్తిరించలేదు. "మాట నీది. నాకు నచ్చలేదని కట్ చేస్తే తాతయ్యకీ నాకూ తేడా ఏముంది?" అంది. నా కడుపున పుట్టిన పిల్ల అంత మాట అంటే నాకు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన రోజు కూడా కలగనంత పొంగు కలిగింది.

పోటీకి పంపేముందు ఆదివారం అందరి ముందూ వేస్తానంది. దొంగచాటు పని దానికి చేతకాదు. ముందే తాతయ్యతో చెప్పింది, ఇందులో అమ్మ విడాకుల మాట ఉందని.

నాన్న ముఖం మాడిపోయింది. "కాలేజీలో ఏవైనా చేసుకో. మనవాళ్ళ మధ్య వద్దు తల్లీ. ఆ పక్క బ్లాకావిడ ముందు నేను తలెత్తుకోగలనా?"

"అమ్మని అడగండి తాతయ్యా. కథ అమ్మది."

ఇద్దరూ నా వైపు చూశారు. ఆ ఇంట్లో మొదటిసారి నా పార్టీ ఏమిటని అడిగినట్టయింది. ఇప్పుడు వద్దంటే ఆ ఓడ నేను పోయేదాకా తిరుగుతూనే ఉంటుందని తెలుసు.

"వెయ్యవే" అన్నాను.

నాన్న, "సరే. నా చెయ్యి కూడా ఉంటుంది మరి" అన్నారు.

"ఇల్లు అమ్మది, గోడ అమ్మది, సినిమా నాది. చెయ్యి మీది తాతయ్యా. నేనాపను" అంది మా అమ్మాయి.

ఆదివారం వచ్చింది. పిల్లలు కింద చాప మీద కూర్చున్నారు, ఆంటీ గోడవార కుర్చీలో. నాన్న ప్రొజెక్టర్‌కి కుడిపక్క, నేను ఎడమపక్క. మా అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి గోళ్ళు కొరుక్కుంటోంది. నా పసుపు చీర గోడ మీదికి వచ్చింది. పన్ను కడితే కోపం రాదన్న నా మాటకు పిల్లలు నవ్వారు. మెట్రో స్తంభం, తట్ట సిమెంటు మాటకు చప్పట్లు కొట్టారు. అప్పుడు గోడ మీద నేను కాసేపు ఆగాను. తర్వాత ఏం రాబోతోందో నాకు తెలుసు. నాన్నకూ తెలిసిపోయింది.

చెయ్యి లేచింది. గోడ నల్లబడింది. మాట మాత్రం ఆగలేదు.

"పెళ్ళయ్యాక ఏ కాగితం చూసినా భర్త పేరు రాయమనేవాళ్ళు. విడాకులు తీసుకున్నాక ఇల్లు అద్దెకు అడిగితే భర్త పేరు, నిన్ను బడిలో చేర్చబోతే భర్త పేరు. రాయడానికి నా దగ్గర పేరు లేదు. ఆ గడి దగ్గర పెన్ను పట్టుకుని కూర్చునేదాన్ని. పన్నువాళ్ళు ఒక్కళ్ళే ఆ మాట అడగలేదు. పెళ్ళికి ముందు నా పాన్ కార్డు మీద ఎవరి పేరుందో, పెళ్ళయ్యాక అదే, విడాకులయ్యాక కూడా అదే. నా పేరు కింద మా నాన్న పేరు. ప్రతి ఏడూ పన్ను లెక్క పంపేటప్పుడు, ఫలానా ఆయన కూతుర్ని, నేను సంపాదించింది ఇంత అని చెప్పుకుంటాను. దానికెందుకే కోపం?"

ముందున్నవాళ్ళకు కనిపించేది ఉత్త చీకటి. పక్కన కూర్చున్న నాకు మాత్రం ఇంకోటి కనిపిస్తోంది. గోడ మీద పడాల్సిన వెలుగంతా నాన్న అరచేతిలో పడుతోంది. ముఖం అని పోల్చుకోవడానికి లేదు గానీ నా చీర పసుపు, నా జుట్టు నలుపు ఆయన చేతిలో కదులుతున్నాయి. ఆయన దానివైపే చూస్తున్నారు. ఇంతలో మాటలు ఆగిపోయాయి, సినిమా అయిపోయింది, అరచెయ్యి తెల్లబడింది. ఆయన ఇంకా చెయ్యి తియ్యలేదు.

ఆంటీ ఆ చీకట్లోనే గొంతు సవరించుకుంది. "విడాకులా? మరి... ఓడ మీద ఉద్యోగం అన్నారు కదండీ, అంకుల్?"

మా అమ్మాయి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది.

నాన్న చెయ్యి దించారు.

"ఓడా లేదు, గీడా లేదమ్మా" అన్నారు. "ఇది మా అమ్మాయి. ఒక్కతే సంపాదించి ముగ్గుర్ని పోషిస్తోంది. సర్కారుకి పన్ను కడతంది."

జీవితమంతా ఆదాయపు పన్నును తిట్టిన మనిషి ఆ చివరి మాటను, హాలు ముందు మైకు పట్టుకుని కొత్త సినిమా పేరు చెప్పినట్టు, గట్టిగా చెప్పారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆంటీ వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏవే, మళ్ళీ మొదటినుంచి వెయ్యి. వీళ్ళు బొమ్మ చూళ్ళేదు" అన్నారు నాన్న మా అమ్మాయితో.

ఈసారి ఆయన ప్రొజెక్టర్ పక్కన కూర్చోలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, ముందుకు వెళ్ళి, పిల్లల మధ్య చాప మీద చోటు చేయించుకుని కూర్చున్నారు.