రెండు కొంగుల చీర

ఫోన్లో నాలుగు మాటలు చెబితే చాలు, అడిగిన బొమ్మ గీసిపెట్టే ఏఐ వచ్చిందని టీవీలో రోజూ చెబుతున్నారు. లోకానికి దానివల్ల ఎంత మేలో నాకు తెలియదు. తమిళనాడులోని మా అత్తిమంజేరిపేటలో నా మగ్గానికి అది చేసిందేమిటో మాత్రం చెప్పగలను.

మా షావుకారుకు తిరుత్తణిలో చీరల కొట్టు ఉంది. పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులు, ఆయన ఇస్తాడు, నేను నేసి ఇస్తాను. ఊరి వరసన అల్లుడవుతాడు. తన పెళ్లిలో నన్ను మూడో బంతిలో కూర్చోబెట్టాడు. ఆ బంతికి వడలు అయిపోయాయి. పోయిన ఆడి మాసంలో ఫోన్లో ఒక ఫోటో పంపి, నమూనాకు ఒక చీర అచ్చంగా ఇట్లాగే నేయమన్నాడు.

ఫోటోలో ఎవరో చక్కని మనిషి. ఎడమ భుజం మీద కొంగు ఉంది. కుడి భుజం మీద కూడా ఒక కొంగు ఉంది. ఒకే అంచు ఎడమవైపు ఎరుపుగా మొదలై కుడివైపుకు వచ్చేసరికి పచ్చగా మారింది.

బస్సెక్కి వెళ్లి చెప్పాను. అంచు రంగు పడుగులోనే ఉంటుంది, మొదట ఏది ఎక్కిస్తే చివరిదాకా అదే వస్తుందన్నాను. కొంగులు రెండైతే ఒకదాన్ని నడుము దగ్గర దోపుకోవాల్సిందేనన్నాను. ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు.

"మిషను సుమ్మా ఊరికే రెండు నిమిషాల్లో గీసేసినాది మామా. నీకు చేతగాదంటే చెప్పు, ఇంకమీదట పడుగు వేరేవాళ్లకి ఇస్తా."

నలభై ఏళ్లుగా నేస్తున్న మనిషితో, చీరలు కొనడానికి వచ్చినవాళ్ల ముందు అన్న మాట ఇది. పడుగు రాకపోతే నా మగ్గం ఉత్త కొయ్య. అచ్చంగా ఇట్లాగేనా అని రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ ఊఁ కొట్టాడు.

నేశాను. మొదట ఒక కొంగు, చివర ఇంకో కొంగు. సగానికి వచ్చాక అంచులో ఎర్ర పోగులు కోసి, పచ్చ పోగులు ఒక్కొక్కటిగా అతికాం, నేనూ నా భార్యా. రెండు రోజులు పట్టింది.

"నీ కోపానికి నా కండ్లెందుకయ్యా పోగొట్టేది?" అంది ఆమె. ఫోటోలో అలాగే ఉందన్నాను.

షావుకారు చీరను బల్లమీద పరిచి, అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"దీన్ని ఎట్లా కట్టేది మామా?"

"ఫోటోలో ఆయమ్మ కట్టిండాది గదా అల్లుడా. ఆమెనే అడుగు."

కొట్టులో పనిచేసే ఆడవాళ్లు నవ్వారు. ఆయనా మొండివాడే. చీరను కొట్టు ముందరి బొమ్మకు ఎలాగో చుట్టించి, ఫోటో తీసి ఫోన్లో అందరికీ పంపాడు. అంతకుముందు ఆయన పంపిన మిషను బొమ్మను చూసి ఈ చీర ఏ కొట్టులో దొరుకుతుందని అడిగిన జనమే, నేను నేసిన చీరను చూసి ఇది ఏఐ బొమ్మ, ఇట్లాంటి చీర యాడా ఉండదు, మోసం అని రాశారు.

మరుసటి రోజు షావుకారు ఫోన్ చేసి, వీడియోలో ఆ అతుకులు చూపించి నేనే నేశానని చెప్పమని బతిమాలాడు. వెళ్లాను. మిషనుకు చేతగానిది మామకు చేతనయిందని ముందు ఆ వీడియోలోనే ఆయన చెప్పాలన్నాను. నవ్వాడు. నేను నవ్వలేదు. మధ్యాహ్నం భోజనాల వేళదాకా బల్లమీద నుంచి లేవలేదు. చివరికి ఆయన ఆ మాట అన్నాడు. తర్వాతే అతుకులు చూపించాను.

కొత్త పడుగును ఆయనే బస్సు దాకా మోసుకొచ్చి ఎక్కించాడు. ఒకే కొంగు, ఒకే రంగు అంచు. ఇంటికొచ్చి వీడియో చూస్తే అందులో నేనూ అతుకులూ ఉన్నాం, ఆయన అన్న మాట లేదు. దాన్ని కోసేశాడు.

చీరలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు అడుగుతాను. వడల సంగతి కూడా అప్పుడే అడుగుతాను.