మంచి ముక్కనే విరగ్గొట్టమన్న ఉస్తాద్

తిరుగుతున్న రాగి కడ్డీకి అల్యూమినియం కడ్డీని ఒత్తగానే లేచే ఆ కీచు చప్పుడు ఈ ఉదయం కూడా ఖాసిం ఉస్తాద్‌ను గుర్తు చేసింది. వెంటనే నా మీద నాకే విసుగు పుట్టించింది.

సిద్దిపేటలో ఆయనకు చిన్న లేత్ షెడ్డు ఉండేది. మంట లేకుండా, రాపిడి వేడితోనే రెండు లోహాలను అతికించేవాడు. వ్యవసాయ మోటార్లకు అల్యూమినియం తీగను రాగి తీగతో కలిపే ముక్కలవి. డిప్లొమా చదివిన గర్వంతో చేరిన నాకు ఆయన నియమం ఒకటి ఒళ్లు మండించేది. రోజూ చేసినవాటిలో అన్నిటికన్నా నునుపుగా కుదిరిన ముక్కను వైస్‌లో బిగించి వంచమనేవాడు. అల్యూమినియం ఉన్న భాగం వంగితే సరే. అతుకు దగ్గర విరిగితే ఆనాటి పనంతా చెత్తబుట్టకే.

"మంచిగున్నదాన్నే ఎందుకు ఖరాబ్ చేస్తరు ఉస్తాద్?"

"చెడ్డది చూస్తెనే దెలుస్తది ఇంజనీర్ సాబ్. మోసం జేసేది గీ సోకు జేసుకున్నదే."

తెలంగాణ ఉద్యమం రోజులవి. ఓ సాయంత్రం ఆయన రోడ్డు మీద వంటావార్పుకు వెళ్లాడు. మరునాటి నుంచి బంద్. కొండపాక రైతు మల్లయ్య మోటారు ముక్క కోసం వచ్చి నిలబడ్డాడు. గట్టిగా ఉంటుందని కడ్డీని మరికాసేపు రుద్దాను. ఎక్కువసేపు రుద్దితే రెండు లోహాల నడుమ గాజులాంటి పెళుసు పొర పుడుతుందని ఉస్తాద్ వందసార్లు చెప్పాడు. అతుకు చుట్టూ లోహం అందంగా పొంగింది. మరొకటి చేసి వంచి చూసే ఓపిక లేక ఇచ్చేశాను.

మర్నాడే మోటారు అదురుకు అది పుటుక్కుమంది. బంద్ ముగిసేసరికి మల్లయ్య నారుమడి ఎండిపోయింది. విరిగిన ముక్కను తెచ్చి ఉస్తాద్ ముందు విసిరాడు.

"నారంత మాడిపాయె! గిదేనా నీ పని?"

ఉస్తాద్ ముక్క విరిగిన చోటును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నేను నేల చూశాను.

"నా దుకాన్ల చేసిందే మల్లన్నా. తప్పు నాదే."

తర్వాత కూడా నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. ఆయనకు ఇవాళ కాదు రేపు చెబుదామనుకుంటూ ఏళ్లు గడిపాను. ఆయన చనిపోయిన నెలకు కొండపాక వెళ్లి మల్లయ్య ముందు ఒప్పుకున్నాను. ఆయన తల కొట్టుకున్నాడు.

"మీ ఉస్తాద్ గప్పుడే జెప్పిండయ్యా! 'మావోడు చేసిండు, వాడే వచ్చి చెప్తడు, నువ్వడగకు' అన్నడు. గింత మాటకు గిన్నేండ్లు పట్టెనా నీకు?"

ఇవాళ కూడా అన్నిటికన్నా అందంగా కుదిరిన ముక్కనే వైస్‌లో బిగించాను. వంగింది, విరగలేదు. నా మాట కోసం ఇద్దరు ఎదురుచూశారు. ఒక్కరికే చెప్పగలిగాను.