నవీన్‌బాబు చేతి బోణీ

చనిపోయి పదకొండు నెలలైన మనిషి రోజూ సాయంత్రం ఆరింటికి ఆఫీసు పనిలోకి దిగుతున్నాడంటే ఎవరైనా నవ్వుతారు. కన్యకాపరమేశ్వరి కూడా నవ్వబోయింది. హైదరాబాదు క్లయింటు పంపిన తనిఖీ కాగితంలో నవీన్‌బాబు పేరు ఉంది. దానికెదురుగా నిన్నటి తేదీ, సాయంత్రం ఆరూ పన్నెండు అని ఉంది. ఆ అంకెలు చూశాక నవ్వు రాలేదు.

కన్యకది జగ్గయ్యపేట. తండ్రి శ్రీమన్నారాయణకు బజారులో పప్పుల హోల్‌సేల్ కొట్టుంది. ఆమె మాత్రం పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని, చిల్లకల్లు మీదుగా వెళ్లే బస్సెక్కి నందిగామలో దిగుతుంది. అక్కడ ఎరువుల కొట్టు మీద మొదటి అంతస్తులో తొమ్మిది మంది పనిచేసే ఆఫీసు. ఊళ్లోవాళ్లు దాన్ని కంప్యూటర్ సెంటరనుకుని ఆధార్ కార్డులో పుట్టినతేదీ మార్పించుకోవడానికి మెట్లెక్కి వస్తుంటారు. నిజానికి అక్కడ జరిగేది దూరపు కంపెనీలు ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషిన్లకు కాపలా. నల్లతెర మీద కమాండ్లు కొట్టి, సాయంత్రం కాగానే అక్కర్లేని మెషిన్లను ఆపాలి, బ్యాకప్‌లు సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి. ఇదంతా అర్థం కాక శ్రీమన్నారాయణ, అడిగినవాళ్లకు మా అమ్మాయి కరెంటాఫీసులో అని చెప్పి ఊరుకుంటాడు.

ఆమెకు ఆ పని నేర్పింది నవీన్‌బాబు. ముక్త్యాల రైతుల ఇంటి బిడ్డ. ఎప్పుడూ నోట్లో వక్కపొడి. కమాండ్లు సులువు చేయడానికి అతను రాసిన చిన్న చిన్న ప్లగిన్లే ఆ ఆఫీసుకు కాళ్లూ చేతులూ. ఎవరు కొత్తగా చేరినా అతని సెట్టింగులన్నీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని తమ లాప్‌టాప్‌లో పోసుకోవడమే. క్లౌడ్‌లో మనం ఇప్పుడు ఎవరి పేరుతో ఉన్నామో చెప్పే కమాండ్ చాంతాడంత ఉంటుంది. అతను దాన్ని ‘ఎవరు’ అని ఒక్క మాటకు కుదించాడు. ఆ మాట కొడితే తెర ఒక పేరు చెబుతుంది. పనికి ముందు ఒకసారి అడిగి చూసుకోండమ్మా అని చెబుతుండేవాడు. తన పేరు తనకు తెలియదా అనుకుని కన్యక ఎప్పుడూ ఆ మాట కొట్టలేదు.

నాలుగేళ్ల కిందట ఆమెకు కొత్త లాప్‌టాప్ వచ్చింది. కొట్లో పుట్టి పెరిగిన పిల్ల, మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టి, దాన్ని నవీన్‌బాబు ముందు ఉంచింది.

“మీ చేత్తో బోణీ చెయ్యండి నవీన్‌గారూ.”

“నేనేం కొంటానండీ మీ దగ్గర?”

“కొనక్కర్లా. మీ పేరుతో ముందు ఒకసారి లాగిన్ అవ్వండి. మీ చెయ్యి మంచిదంటారు అందరూ.”

అతను నవ్వి, పాస్‌వర్డు లాంటిదే కానీ గడువు లేని తన కీని ఎక్కించి లాగిన్ అయ్యాడు. ఆ తర్వాత ఆమె లాగిన్ కూడా పెట్టిచ్చాడు. అందరూ మిక్చరు తిన్నారు. ఆ బోణీ సంగతి అంతటితో అందరూ మరిచిపోయారు.

పోయిన వానాకాలంలో అతనికి డెంగీ జ్వరం వచ్చింది. ఆరు రోజుల్లో పోయాడు. కన్యక పక్కనున్న అతని కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోరు. అతని పేరు క్లౌడ్‌లోంచి తీసేయమని ఫారం వచ్చింది కన్యకకే. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఆమె దాన్ని తొక్కిపెట్టింది. అతన్ని తన చేత్తో తుడిచేయడం ఆమెకు చేతకాలేదు.

ఆఫీసు యజమాని జగన్నాథరావు మాత్రం దయ్యాలను నమ్మే మనిషి కాదు.

“బతికున్నప్పుడే కీ ఎవరికో ఇచ్చుంటాడమ్మా. లేదంటే వాళ్లింట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లోంచి ఎవడో వాడుతున్నాడు. వాళ్లావిడకి ఫోన్ చేసా, శుక్రవారం అది పట్టుకొస్తానంది. నువ్వీలోపు ఎవరెప్పుడు ఏం చేశారో లాగుల్లో చూడు. ఏదీ తేలకపోతే అతని పేరు మీద పోలీసు రిపోర్టు ఇవ్వక తప్పదు.”

“చనిపోయినాయన మీదాండీ?”

“క్లయింటు అడిగేది పేరేగా. పేరు అతనిది.”

మంగళవారం ఆ మాట విన్నప్పటినుంచి కన్యకకు అన్నం సయించలేదు. బతికినన్నాళ్లూ ఒకరి చేత మాటపడని మనిషి. ఇప్పుడు కాదని చెప్పుకోవడానికి కూడా లేడు.

బుధవారమంతా లాగులు చదివింది. నవీన్‌బాబు పేరు ఎదురుగా దొంగతనమేమీ కనిపించలేదు. మెషిన్లను ఆపాడు, బ్యాకప్‌లు చూశాడు. అదీ అతను నేర్పిన వరసలోనే, ముందు చిన్న మెషిన్లు, తర్వాత పెద్దవి. దొంగ ఎవడూ అంత శ్రద్ధగా పనిచేయడు. ఇంకా కిందికి వెళితే, అతను వచ్చిన దారి కూడా ఉంది. బయటి ఊరు కాదు, ఇంకొకరి ఇల్లు కాదు. తమ ఆఫీసు నెట్టే. అంటే ఈ గదిలోంచే. కన్యక లేచింది. పక్క కుర్చీ వైపు చూడకుండా సంచీ సర్దుకుని మెట్లు దిగింది. బస్సులో కూర్చున్నా వక్కపొడి వాసన వదల్లేదు.

గురువారం లాగు ఒక పక్క తెరిచి పెట్టుకుని, రోజూలాగే తన పని తను చేసుకుంటూ కాపు కాసింది. ఆరు దాటింది. చిన్న మెషిన్ ఒకటి ఆపింది. పక్కనున్న లాగులో కొత్త లైను పడింది. అదే మెషిన్. ఆపింది నవీన్‌బాబు. ఆమె రెండోది ఆపింది. అతనూ ఆపాడు.

“నవీన్‌గారూ,” అని మెల్లగా పిలిచింది, సిగ్గు కూడా మరిచిపోయి.

కుర్చీ పలకలేదు. వేళ్లే వాటంతటవి కదిలాయి. నాలుగేళ్లలో మొదటిసారి ‘ఎవరు’ అని కొట్టింది. తెర నిదానంగా జవాబిచ్చింది. నవీన్‌బాబు.

ఆమె లాప్‌టాప్‌లో సెట్టింగుల ఫైలు తెరిచి చూసింది. కాసేపటికి సంగతి అర్థమైంది. పొద్దున పదింటికి ఆమె అయ్యే లాగిన్‌కు ఎనిమిది గంటలే గడువు. ఆరయ్యేసరికి అది తీరిపోతుంది. అప్పుడు తెర ఆగి మళ్లీ లాగిన్ అవమనాలి. కానీ అడుగున నవీన్‌బాబు బోణీ కీ అలాగే ఉండిపోయింది. ఆమె లాగిన్ గడువు తీరగానే కమాండ్ మాటామంతీ లేకుండా ఆ కీ తీసుకుని పని చేసుకుపోతోంది. నాలుగేళ్లుగా సాయంత్రం ఆరు తర్వాత ఆమె నవీన్‌బాబు. అతను ఉన్నన్నాళ్లూ ఆ తేడా ఎవరి కంటా పడలేదు.

ఆ ఫైల్లో కీ ఉన్న రెండు లైన్లు చెరిపేస్తే చాలు. లాగిన్లు వాటంతటవే ఆగిపోయాయని అందరూ అనుకుంటారు, తను తప్పించుకుంటుంది. నవీన్‌బాబు మాత్రం దొంగగా మిగిలిపోతాడు. ఆమె వేలు ఆ లైన్ల మీద చాలాసేపే నిలిచింది. అలా నిలిచినందుకు తర్వాత ఎన్నాళ్లో తన మీద తనకే అసహ్యం వేసింది. చెరపకుండా లాప్‌టాప్ మూసేసింది.

శుక్రవారం నవీన్‌బాబు భార్య కృష్ణప్రియ బస్సులు మారి వచ్చేసరికి ఐదు దాటింది. గుడ్డసంచీలో లాప్‌టాప్ తెచ్చింది. ఆవిడ దాన్ని బయటికి తీయకముందే కన్యక ఇద్దరి ఎదుటా ఉన్నదున్నట్టు చెప్పేసింది.

జగన్నాథరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “తీసెయ్యమన్న పేరు కూడా తియ్యలేదా?”

“తియ్యలేదండి.”

“ఎందుకని?”

“చెయ్యి రాలేదండి.”

ఆయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. “క్లయింటుకి నువ్వే రాయి. తప్పు నీదని, అతనిది కాదని నీ పేరుతో రాయి. వాళ్లు ఉండమంటే ఉంటావు, లేదంటే లేదు.”

“రాస్తానండి.”

భర్త మీది మచ్చ పోయినందుకు కృష్ణప్రియ ఊపిరి పీల్చుకుంటుందని కన్యక అనుకుంది. కానీ ఆవిడ ముఖం వెలవెలబోయింది.

“మంగళవారం సారు ఫోన్ చేసి, మీ ఆయన పేరుతో రోజూ ఆరింటికి లాగిన్ పడుతోందన్నారు. దొంగలన్న భయం నాకు కలగలేదండి. ఈ మూడు రోజులూ ఆరయ్యేసరికి పొయ్యి కట్టేసి కూర్చుంటున్నా. ఇప్పుడు ఆయన పనిలో ఉంటారులే అనుకునేదాన్ని. పిచ్చని తెలుసు.”

కన్యక గడియారం చూసింది. ఇంకా ఆరు కాలేదు.

“ఆరయ్యేదాకా ఉంటానండి. ఒక్కసారి చూపించండి,” అంది కృష్ణప్రియ. అడక్కుండానే వెళ్లి నవీన్‌బాబు కుర్చీలో కూర్చుంది.

ముగ్గురూ ఆరయ్యేదాకా కూర్చున్నారు. కింద కొట్టు ముందు ఎరువుల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆరూ నాలుగుకు కన్యక ‘ఎవరు’ అని కొట్టింది. నవీన్‌బాబు అంది తెర. కృష్ణప్రియ వేలు పెట్టి అక్షరం అక్షరం చదివింది. రెండోసారి చదివింది.

“తీసెయ్యండి,” అంది.

కన్యక ముందు, ఆ బోణీ కీ ఇంకా పనిచేస్తుండగానే, క్లౌడ్‌లో అతని పేరు తీసేసింది. నిజంగానా అని కూడా అడగలేదు తెర. తర్వాత ఆ కీ రెండు లైన్లూ చెరిపి, మళ్లీ ‘ఎవరు’ అని కొట్టింది. ఈసారి తెర కాసేపు ఆగి, ఎవరూ లేరు, లాగిన్ అవమంది.

“అయితే రేపు ఆరింటికి ఇంకేమీ ఉండదన్నమాట.”

“ఉండదండి.”

కృష్ణప్రియ తల ఊపింది. తెర ఎదురుచూస్తోంది. కన్యక తన పొడవాటి పేరును మొదటినుంచి చివరిదాకా కొట్టసాగింది. సగంలో ఉండగా పక్క కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. ఆమె తల తిప్పకుండా మిగతా అక్షరాలు పూర్తి చేసింది.