తోక దిక్కు

పందొమ్మిది వందల నలభైలలో నేను హైదరాబాదులో ఒక వైద్య కళాశాలలో పని చేసేవాణ్ణి. పాఠాలు చెప్పడం పెద్దవాళ్ల పని. శవాల గదిలో విద్యార్థుల పక్కన నిలబడి, వాళ్లు ఏ నరాన్ని తెంపారో వాళ్లకే చూపించడం నా పని. నాకు ఓపిక తక్కువ. నా ఎదుట కత్తి పట్టాలంటే విద్యార్థుల చేతులు వణికేవి. అది నా మీద గౌరవమని చాలాకాలం అనుకున్నాను.

ఒక ఏడాది టైఫాయిడ్ వచ్చి తగ్గాక, రెండు నెలల సెలవు మీద సిద్దిపేటలో మా ఇంటికి వచ్చాను. జుట్టు సగం ఊడిపోయింది. మా అవ్వ గంజి తప్ప మరొకటి పెట్టేది కాదు. అలా విసుగెత్తి కూర్చున్న రోజుల్లో నారాయణరావుపేట నుంచి ఒకతను సైకిలు మీద వచ్చాడు. మా కళాశాల విద్యార్థే, నాకంటే మూడేళ్లు చిన్న. మెదడు పరీక్షలో రెండుసార్లు తప్పాడు. మూడోసారి తప్పితే పేరు కొట్టేస్తారు. ఊళ్లో నేతవాళ్ల ఇళ్లలో అప్పటికే అతన్ని డాక్టరనే పిలుస్తున్నారట. సెలవులకు పోతే కాళ్లు బెణికినవాళ్లు పొద్దున్నే వాకిట్లో కూర్చుంటారట. ఈసారి తప్పితే ఆ వాకిట్లోకి తిరిగి పోలేనన్నాడు. ఆ మాట ఏడుస్తూ అనలేదు, బస్సు ఎన్నింటికో చెప్పినట్టు అన్నాడు. అందుకే నమ్మాను.

ఆ రోజుల్లో మా చదువంతా ఉర్దూలో. అతనికి పుస్తకం మొత్తం కంఠస్థం. ఏ పేజీ అడిగినా గడగడా అప్పజెప్పేవాడు. చేతిలో వస్తువు పెట్టి ఇదేమిటని అడిగితే మాత్రం నోరు పడిపోయేది. చదివితే పోయే జబ్బు కాదది. చేతులకు నేర్పాలి. సిద్దిపేటలో మనిషి మెదళ్లు చాలానే ఉన్నాయి కాని, అన్నీ వాడుకలో ఉన్నాయి. అందుకని అంగట్లో యాటలు కోసే దుకాణానికి పోయాం.

తలకాయను ఒక్క వేటుతో రెండు చెక్కలు చేయడం ఆ దుకాణం ఆయనకు అలవాటు. చెక్కలు వద్దు, గొర్రె తలకాయ మొత్తంగా కావాలి, లోపల మెదడు నలగకూడదు అన్నాను. ఎందుకని అడిగాడు. ఇతని చదువుకని చెప్పాను. ఆయన అతన్ని ఎగాదిగా చూశాడు. జాలిపడ్డాడు. మంచి తలకాయ ఏరి గుడ్డలో చుట్టి ఇస్తూ నాతో మెల్లగా అన్నాడు: "రోజొకటి వండి పెట్టున్రి సారు. నెల దినాలల్ల చదువు ఎక్కుతది."

ఆ తరువాత మేమెప్పుడు పోయినా మాకొక తలకాయ పక్కన పెట్టి ఉంచేవాడు. చదువు ఎక్కిందా అని అడిగేవాడు. ఎక్కుతోందని చెప్పేవాణ్ణి.

మా అవ్వ పశువుల కొట్టంలో ఒక మూల ఇచ్చింది, ఇంటి గిన్నె ఒక్కటి కూడా ముట్టకూడదన్న షరతు మీద. వడ్రంగం చేసే వడ్లాయన దగ్గర చిన్న రంపం తెచ్చుకున్నాం. పుర్రెను చుట్టూ కోసి పై చిప్ప ఎత్తాలి. కింది పొరను కత్తెరతో చీల్చాలి. నరాలను ఒక్కొక్కటే తెంచుకుంటూ మెదడును అరచేతిలోకి దించుకోవాలి. మొదటి నాలుగు మెదళ్లు గడ్డిలోకి దిగాయి. నేను తిట్టాల్సినదంతా తిట్టాను. ఐదోది చేతిలో నిలిచింది. దవాఖానలో కాంపౌండరును బతిమాలి తెచ్చిన ఫార్మలిన్‌లో దాన్ని నానబెట్టి, గట్టిపడ్డాక పని మొదలుపెట్టాం.

తలకాయల్లో ఇన్ని రోజులుగా ఏం దేవులాడుతున్నారని మా అవ్వ అడిగింది. తెలివి ఎక్కడుంటుందో చూస్తున్నామన్నాను. దొరికిందా అంది. ఇంకా లేదన్నాను. అయితే ముందు బువ్వ తినమంది.

ముందు, వెనక, పైన, కింద అనడానికి పుస్తకంలో పెద్ద పెద్ద అరబ్బీ మాటలుండేవి. అతను తడబడేది అక్కడే. నేను వాటిని తీసేసి కొట్టంలో పనికొచ్చే మాటలు ఇచ్చాను: మూతి దిక్కు, తోక దిక్కు, వీపు దిక్కు, పొట్ట దిక్కు. కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెప్పాలి. కంటినరాలు మూతి దిక్కు. చిన్నమెదడు తోక దిక్కు. వెన్నుపాము ఇంకా తోక దిక్కు. సెలవు అయిపోయేసరికి అతని వేళ్లు తప్పడం మానేశాయి. ఈ పద్ధతి కనిపెట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

పరీక్షనాడు పళ్లేలు అందించే పని నాది. నోరు విప్పకూడదు. పరీక్షించడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయనకు తెలుగు రాదు. ఆయన అతని చేతిలో మనిషి మెదడు పెట్టాడు. గొర్రెదానికి పదింతలు ఉంటుంది. అతను కళ్లు మూసుకున్నాడు. పెద్దాయన నా వైపు చూశాడు. నేను పళ్లెం వైపు చూశాను. అడిగినవన్నీ అతను వేలు పెట్టి చెప్పాడు, ఒక్కటీ తప్పలేదు. నా గుండె కుదుటపడింది. చివరికి వెన్నుపాము ఎటు పోతుందని పెద్దాయన అడిగాడు.

"దుమ్ కీ తరఫ్" అన్నాడు మావాడు. తోక దిక్కు.

పెద్దాయన కలం కింద పెట్టాడు. ఇప్పటిదాకా ఎంతమంది మనుషులకు తోక చూశావని మర్యాదగానే అడిగాడు. ఆ దిక్కుకు వైద్యులు వాడే లాటిన్ మాట 'కాడల్'కు కూడా మూలం తోకే. ఆ సంగతి అక్కడ నాకొక్కడికైనా గుర్తుంది. నేను పళ్లెం సర్దాను.

అతను కళ్లు తెరిచాడు. మెదడును జాగ్రత్తగా పళ్లెంలో పెట్టి, చేతులు తుడుచుకుని, ఆ గది మధ్యలో వంగి నేల మీద చేతులు ఆనించాడు. గొర్రె నిలబడ్డట్టే నిలబడ్డాడు. ఒక చేయి ఎత్తి మెడ వెనక తడుముకున్నాడు. తరువాత మెల్లగా లేచాడు, చేయి మెడ మీదనే ఉంచి. కంగారులో ఉర్దూ ఎటో పోయి మా తెలుగు వచ్చింది.

"మనిషి లేసి నిలవడ్డడు సార్. గప్పుడు తోక దిక్కు కిందికైంది."

ఏమంటున్నాడని పెద్దాయన నన్ను అడిగాడు. ఒక్క మాట కలపకుండా ఉర్దూలో చెప్పాను. ఆయన కలం తీసి ఏదో రాశాడు. రాస్తూనే, ఇంత చిన్న సంగతి నీకు నేర్పినవాడు ముందే చెప్పలేదా అన్నాడు. నేర్పింది నేనని ఆయనకు తెలియదు.

అతను నా వైపు చూడలేదు.

"బోలే థే సాబ్. మై భూల్ గయా" అన్నాడు. చెప్పారు, నేనే మరిచిపోయానని. ఆ ముక్క ఉర్దూలోనే అన్నాడు కాబట్టి నన్నెవరూ ఏమీ అడగలేదు.

అతను పాసయ్యాడు. డాక్టరై వాళ్ల ఊళ్లోనే ఆ వాకిట్లో కూర్చున్నాడు. ఎక్కడ కలిసినా ముందుగా తనే నమస్కారం పెట్టేవాడు. నేను ఉద్యోగం వదిలేదాకా ప్రతి కొత్త తరగతికీ మొదటి రోజే చెప్పాను: గొర్రెకు వెనక్కి, మనిషికి కిందికి. ఇది కూడా తెలియదా అన్నట్టు విద్యార్థులు నవ్వేవారు. నేను తిట్టేవాణ్ణి కాదు.

అతనికి మాత్రం నేను చెప్పలేదు. కొట్టంలో ఒక్కరోజు కూడా చెప్పలేదు. నేను చెప్పలేదన్న మాట ఆ గదిలోనే, ఆ పెద్దాయనకు అర్థమయ్యే భాషలో అనాల్సింది. నాకు ఉర్దూ బాగానే వచ్చు.